కాంట్రాక్ట్ మీద సాఫ్ట్‌వేర్ చేస్తున్నారా? ముందు ముగ్గు పోయండి

"అన్నా, మా షాపుకి ఒక యాప్ కావాలె, ఎంతైతది, ఎన్ని రోజులు?" ఫోన్ ఎత్తగానే ఇదే ప్రశ్న. పని చేజారిపోతుందేమో అని మనం కూడా అక్కడికక్కడే ఆరు లక్షలు, మూడు నెలలు అనేస్తాం, అవతలాయన నాలుగున్నర అంటాడు, ఐదు దగ్గర తెగుతుంది, అప్పటికి ఏం కట్టాలో ఆయనకీ తెలీదు మనకీ తెలీదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం.

ఇల్లు కట్టే మేస్త్రీ మనకంటే నయం. పునాది తవ్వే ముందు ప్లాట్‌లో ముగ్గు పోస్తాడు, ఇది హాలు, ఇది వంటిల్లు, ఇది మెట్లు అని. ఇంటావిడ ఆ గీతల మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపి చూసుకుని "ఇక్కడ ఫ్రిజ్ పెడితే తలుపు ఎటు తెరుచుకుంటది?" అంటుంది. ముగ్గు చెరిపి మళ్ళీ పోయడానికి పది నిమిషాలు పడుతుంది. అదే మాట స్లాబ్ పడ్డాక అంటే ఎంత లొల్లో అందరికీ తెలుసు. ప్రోటోటైప్, అదే అసలు సాఫ్ట్‌వేర్ కట్టే ముందు చేసి చూపించే నమూనా, నా దృష్టిలో ఆ ముగ్గే, ఇల్లు కాదు. కాంట్రాక్ట్ పనిలో వచ్చే గొడవలు సగం ఆ ముగ్గుని ఇల్లు అనుకోవడం వల్ల వస్తాయి, మిగతా సగం ముగ్గు పోసినందుకు మేస్త్రీకి కూలి ఇవ్వకపోవడం వల్ల.

హైదరాబాద్ కేపీహెచ్‌బీలో ఐదుగురం కలిసి చిన్న టీమ్ నడుపుతున్నాం, షాపులు, గోడౌన్లు, చిన్న ఫ్యాక్టరీల వాళ్ళకి సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. ఇక్కడ రాసేదంతా మా సైజు వాళ్ళ కోసమే. పెద్ద కంపెనీలకి లీగల్ డిపార్ట్‌మెంట్ ఉంటుంది, వాళ్ళ తంటాలు వాళ్ళు పడతారు.

1. రేటు చెప్పే ముందు కౌంటర్ దగ్గర కూర్చోండి

ఒక పూట చాలు, పొద్దున పదకొండు నుంచి రెండు దాకా, షాపు బాగా రష్‌గా ఉండే టైమ్‌లో. ఓనర్ ఏసీ రూమ్‌లో కూర్చోపెట్టి టీ ఇచ్చి చెప్పేది ఆయన ఊహ, కౌంటర్ దగ్గర జరిగేది వేరే.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పైపులు, ఫిట్టింగులు అమ్మే ఒక హోల్‌సేల్ షాపుకి ఆర్డర్ యాప్ చేశాం. సేఠ్ చెప్పింది సింపుల్‌గానే ఉంది, ప్లంబర్లు ఫోన్ చేస్తారు, మావాళ్ళు ఆర్డర్ కొడతారు, గోడౌన్‌కి వెళ్ళిపోవాలి, అంతే. ఐటమ్ లిస్ట్ ఎక్సెల్‌లో ఇచ్చాడు, అన్నీ చక్కగా మిల్లీమీటర్లలో. తర్వాత కౌంటర్ దగ్గర స్టూల్ వేసుకుని కూర్చున్నా. అక్కడి కుర్రాడు ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఒక చేత్తో చిట్టీ మీద రాస్తున్నాడు, రెండో చేత్తో ఎదురుగా ఉన్న కస్టమర్‌కి చిల్లర ఇస్తున్నాడు. అవతల నుంచి "ముప్పావు ఎల్బో యాభై, అరంగుళం టీ ముప్పై, మొన్నటి రేటే వెయ్యి" అని వినిపిస్తోంది. మన ఎక్సెల్‌లో ముప్పావు అనే మాటే లేదు, అక్కడ 20 మిల్లీమీటర్లు అని ఉంది. మొన్నటి రేటు అంటే ఏ రేటో ఆ కుర్రాడికి నోటికి తెలుసు, షాపు లెక్కలుండే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌కి తెలీదు.

ఆ మూడు గంటల్లో రాసుకున్నవి నాలుగే ముక్కలు. ఒక చెయ్యే ఖాళీ. ఐటమ్ పేరు నోటి మాటలో వెతకాలి. కస్టమర్‌కి కిందటిసారి ఇచ్చిన రేటు కనిపించాలి. ఉద్దెర ఎంత ఉందో కూడా కనిపించాలి, కానీ ఎదురుగా నిలబడ్డవాడికి కనపడకూడదు. సేఠ్ చెప్పిన స్కోప్‌లో ఈ నాలుగింట్లో ఒక్కటీ లేదు, యాప్ నిలబడేదీ పడేదీ మాత్రం వీటి మీదే.

2. ఒక్క పెద్ద కాంట్రాక్ట్ వద్దు, ఒక పెద్ద కాగితం, చాలా చిన్న చిట్టీలు

పెద్ద కాగితంలో మారనివి పెట్టండి: ఎవరు ఎవరికి పని చేస్తున్నారు, వారానికి రేటు ఎంత, పేమెంట్ ఎన్ని రోజుల్లో, కోడ్ ఎవరిది, గొడవ వస్తే ఏ ఊరి కోర్టు, ఎవరు ఎప్పుడు ఆపేయొచ్చు. ఏం కట్టాలి అన్నది అందులో వివరంగా రాయొద్దు, రెండు లైన్లలో ఉద్దేశం చాలు. పనిని చిన్న చిన్న రౌండ్లుగా కోసి, ఏం కట్టాలో రౌండ్ రౌండ్‌కీ ఒక పేజీ వర్క్ ఆర్డర్‌లో రాస్తాం, చిట్టీ అంటే అదే. పెద్ద కాగితం ఒక్కసారి సంతకం, చిట్టీ ప్రతి రౌండ్‌కీ సంతకం.

డబ్బు రౌండ్‌కి కట్టించుకోండి, ఫీచర్‌కి కాదు. ఇది చెప్పగానే క్లయింట్ మొహం మారుతుంది, ఎందుకంటే ఆయనకి మొత్తం ఎంతవుతుందో తెలియాలి, అది న్యాయమే, ఆయన ఎవరి దగ్గరో పైసలు సర్దుకోవాలి కదా. అందుకే పైకప్పు పెట్టండి. మా లెక్క చెప్తా, ఉదాహరణకే. టీమ్‌కి వారానికి 1,10,000. రెండు వారాల రౌండ్ 2,20,000. జీఎస్టీ 18 శాతం అంటే 39,600, మొత్తం 2,59,600. ఆరు రౌండ్లకి మించదు అని రాస్తాం, అంటే జీఎస్టీ కాకుండా 13,20,000 కంటే ఒక్క రూపాయి ఎక్కువ అడగం. ప్రతి రౌండ్ చివర ఇద్దరిలో ఎవరైనా "చాలు" అనొచ్చు, అయిపోయిన రౌండ్లకి డబ్బు, అప్పటిదాకా చేసిందంతా వాళ్ళ చేతికి. నాలుగో రౌండ్‌కే పని అయిపోతే మిగతా రెండు రౌండ్ల డబ్బు ఆయన జేబులోనే ఉంటుంది. ఈ చివరి మాట చెప్పినప్పుడే చాలామంది సేఠ్‌లు ఒప్పుకుంటారు, నా అనుభవం.

కొత్తగా మొదలెట్టినవాళ్ళు తప్పేచోటు ఒకటుంది. సర్వీస్‌కి అడ్వాన్స్ తీసుకుంటే ఆ అడ్వాన్స్ మీద కూడా జీఎస్టీ అప్పుడే కట్టాలి, పని అయ్యాక కట్టొచ్చులే అనుకుని మొత్తం జీతాలకి వాడేస్తే జీఎస్టీ కట్టాల్సిన 20వ తేదీకి నోరెండుతుంది. ఇంకోటి, బిల్లులో జీఎస్టీ విడిగా చూపిస్తే టీడీఎస్ (క్లయింట్ మన బిల్లులోంచి ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) జీఎస్టీ కలపని మొత్తం మీదే కోయాలి, చాలా షాపుల్లో అకౌంటెంట్ మొత్తం మీద కోసేస్తాడు, మొదటి బిల్లుకే మర్యాదగా చెప్పేయండి.

మొదటి రౌండ్ చిన్నది, కానీ ఫ్రీ కాదు. ఫ్రీగా చేసిన ముగ్గుని ఎవరూ చూడరు, ఎటూ ఊరికే వచ్చిందే అని డెమోకి మేనేజర్‌ని పంపిస్తారు. డబ్బు కట్టినవాడు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

3. ప్రతి రౌండ్‌కీ ఒక్క ప్రశ్న

వర్క్ ఆర్డర్‌లో పై లైన్‌లో ఫీచర్ల లిస్ట్ రాయకండి, ప్రశ్న రాయండి. రాణిగంజ్ పనిలో మా రెండో చిట్టీ దాదాపు ఇలా ఉంది:

ప్రశ్న: ఫోన్‌లో వింటూనే ఒక చేత్తో ఐదు ఐటమ్‌ల ఆర్డర్ ఒక నిమిషంలో ఎక్కించడం అవుతుందా?
నమూనా రకం: పారేసేది (చూసి పక్కన పడేసేది, దీని మీద అసలుది కట్టం).
ఎవరి చేత చేయించి చూస్తాం: కౌంటర్‌లో ఇద్దరు, ఇరవై నిజం కాల్స్.
ఇందులో ఉండనివి: లాగిన్, బిల్లు ప్రింట్, ట్యాలీ, బ్యాకప్.
అయింది అని ఎప్పుడంటాం: ఇరవైలో పదిహేను కాల్స్ నిమిషం లోపు. అవ్వకపోతే ఎందుకు అవ్వలేదో రాసిచ్చినా రౌండ్ అయినట్టే.

ఆ చివరి లైన్ మీద సేఠ్‌తో అరగంట వాదన జరిగింది. "అవ్వకపోయినా పైసలియ్యాల్నా?" అన్నాడు. ఇవ్వాలి. ఒక చేత్తో కొట్టడం కుదరదు అని రెండు వారాల్లో తెలిస్తే రెండున్నర లక్షలు పోతాయి, ఆరు నెలలకి తెలిస్తే ఎంత పోతుందో మీరే లెక్కేసుకోండి సేఠ్ అన్నా. వ్యాపారం చేసేవాడికి ఈ లెక్క మనకంటే తొందరగా అర్థమవుతుంది, కొంచెం ఓపిగ్గా చెప్పాలంతే.

ఏ ప్రశ్న ముందు? ఏది అవ్వకపోతే మొత్తం పని దండగో అది ముందు. ఇదేం మనం కనిపెట్టింది కాదు, బారీ బోహెమ్ 1988లో స్పైరల్ మోడల్ అని రాసినప్పటి నుంచి ఉన్న మాటే, ప్రతి చుట్టులోనూ పెద్ద రిస్క్ ఏదో చూసుకుని దాన్ని ముందు తేల్చుకో అని. అంతకుముందు 1970లో విన్‌స్టన్ రాయిస్ రాసిన పేపర్‌ని అందరూ వాటర్‌ఫాల్‌కి, అంటే ఒక దశ పూర్తిగా అయ్యాకే ఇంకో దశ అనే పద్ధతికి, తల్లి అంటారు గానీ, కొత్త రకం సాఫ్ట్‌వేర్ అయితే ముందు ఒక చిన్న వెర్షన్ కట్టి చూసి, తర్వాత అసలుది కట్టు అని అందులోనే ఉంది. అది ఎవరూ చదవలేదు, బొమ్మ చూసి వెళ్ళిపోయారు.

రిస్క్ అంటే స్క్రీన్లు మాత్రమే అనుకోకండి. మా మూడో రౌండ్‌లో అసలు స్క్రీనే లేదు. ప్రశ్న ఏంటంటే ట్యాలీలో ఉన్న స్టాక్ మన యాప్‌లో కనిపిస్తుందా అని. ట్యాలీ ప్రైమ్‌ని సర్వర్‌గా పెడితే మామూలుగా 9000 పోర్ట్ మీద ఎక్స్ఎంఎల్‌లో (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఫార్మాట్) అడిగితే ఎక్స్ఎంఎల్‌లోనే జవాబిస్తుంది, మావాడు రెండు రోజుల్లో చేసేశాడు, మా ఆఫీసులో బ్రహ్మాండంగా పనిచేసింది. షాపులో మూడు రోజులు పెట్టి చూస్తే సాయంత్రం ఏడున్నర తర్వాత స్టాక్ కదలట్లేదు. కారణం అకౌంటెంట్ ఏడున్నరకి ట్యాలీ మూసేసి సిస్టమ్ ఆపేసి ఇంటికి పోతాడు. ట్యాలీ ఓపెన్ అయ్యి కంపెనీ లోడ్ అయి ఉంటేనే జవాబొస్తుంది కదా. షాపు మాత్రం తొమ్మిదింటి దాకా ఉంటుంది. ఇది ఏ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో దొరుకుతుంది చెప్పండి? ఇలాంటివి షాపులో పెట్టి చూస్తేనే బయటపడతాయి.

4. నమూనా అందంగా ఉండకూడదు

ఇది నా చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నది. చాలా ఏళ్ళ క్రితం ఒక క్లయింట్‌కి, ఎవరో చెప్పను, డెమో అదిరిపోవాలని రంగులు, యానిమేషన్లు, లోగో అన్నీ పెట్టి చూపించాం. లోపల ఏమీ లేదు, లెక్కలు కూడా చేత్తో రాసిపెట్టినవే. ఆయన చూసి లేచి నిలబడి మా చేతులు పట్టుకున్నాడు, "అయిపోయింది కదా, దసరాకి పెట్టేద్దాం" అన్నాడు. కాదు సార్ ఇది నమూనా అంటే, "నా కళ్ళతో చూశాను కదయ్యా" అంటాడు. చివరికి పెట్టేశాం, మాకు బుద్ధి లేదు. ఇద్దరు ఒకేసారి సేవ్ కొడితే ఒకరిది మాయం. మూడు నెలలు రాత్రిళ్ళు కూర్చుని అతుకులేశాం, చివరి బిల్లు రానే లేదు, ఆయన్నీ తప్పు పట్టలేను.

అందుకే ఇప్పుడు పద్ధతి మార్చాం. పారేసే నమూనా అయితే కాగితం మీద గీతలు, లేదా ఫిగ్మాలో (స్క్రీన్లు గీసే టూల్) బూడిద రంగు డబ్బాలు, లేదా గూగుల్ షీట్. ప్రతి స్క్రీన్ మీదా ఎర్రటి అక్షరాల్లో "నమూనా" అని ఉంటుంది. రౌండ్ అయిన వారానికి లింక్ పనిచేయదు, ముందే చెప్తాం, చెప్పినట్టే ఆపేస్తాం. కఠినంగా ఉంటుంది గానీ వాడటం మొదలెట్టేశాక ఆపడం ఇంకా కష్టం.

పెంచే నమూనా వేరు. దాని మీదే అసలుది కడతాం కాబట్టి మొదటి రోజు నుంచే డేటాబేస్ సరిగా ఉండాలి, కోడ్ గిట్‌లో, అంటే ప్రతి మార్పూ దాచిపెట్టే చోట, ఉండాలి. పారేసేదాంట్లో జీఎస్టీ 18 అని కోడ్‌లోనే రాసేసినా పాపం లేదు, పెంచేదాంట్లో రాస్తే పాపమే. 2025 సెప్టెంబర్ 22న 12, 28 శాతం స్లాబులు దాదాపుగా పోయి రేట్లు మారినప్పుడు, రేటుని తేదీతో సహా టేబుల్‌లో పెట్టుకున్నవాళ్ళు హాయిగా ఉన్నారు, కోడ్‌లో రాసినవాళ్ళు పాత బిల్లులు మళ్ళీ ప్రింట్ తీస్తే కొత్త రేటు పడి పరేషాన్ అయ్యారు. ఏ రకం నమూనానో చిట్టీలో రాయడం ఇందుకే. పారేసేది అని రాసి తర్వాత "బానే ఉంది కదా పెంచేద్దాం" అని మనమే అంటాం చూడండి, అది క్లయింట్ చేసే తప్పు కంటే పెద్దది.

డేటా సంగతి. ఐటమ్ పేర్లు, సైజులు, రేట్లు నిజమైనవే పెట్టండి, తిరకాసంతా అక్కడే ఉంది కాబట్టి. కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఎంత బాకీ అన్నవి మాత్రం కల్పించినవే పెట్టండి. డెమో స్క్రీన్‌షాట్ సాయంత్రానికల్లా ఏదో ఒక వాట్సాప్ గ్రూప్‌లో ఉంటుంది, ఆ పైన 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ఒకటి ఉంది, లీక్ అయితే ఆ షాపాయన ముందు మన వైపే చూస్తాడు.

5. డెమో రోజు మౌస్ ముట్టుకోవద్దు

మనం నడిపి చూపించేది డెమో కాదు, సినిమా. వాళ్ళ చేతికిచ్చి వెనక కూర్చోండి. "ఇక్కడ నొక్కండి" అని నోటిదాకా వస్తుంది, మింగేయండి. ఆ కౌంటర్ కుర్రాడు మా మొదటి నమూనా పట్టుకుని పది సెకన్లు చూసి, "అన్నా, గిది రెండు చేతులతోని కొట్టాలె గదా, ఫోనెవరు పట్టుకోవాలె మరి?" అన్నాడు. సెర్చ్ బాక్స్ స్క్రీన్ పైన పెట్టాం మేము, బొటనవేలు అక్కడిదాకా పోదు. కిందకి దించాం. తర్వాత వాడే ఇంకో మాట అన్నాడు, సైజు ముందు నొక్కి తర్వాత ఐటమ్ నొక్కితే అయిపోతది అని, ఎందుకంటే ప్లంబర్లు "ముప్పావు" అని మొదలుపెట్టి ఆ తర్వాతే ఎల్బో, టీ, సాకెట్ అంటారు. మేము ఐటమ్ ముందు, సైజు తర్వాత పెట్టాం, ఎక్సెల్ అలా ఉంది కాబట్టి. ఆ ఒక్క మార్పుతో నిమిషం ముప్పై సెకన్లు పట్టేది నలభై సెకన్లకి వచ్చింది. ఆ మాట సేఠ్ నోటి నుంచి ఎప్పటికీ వచ్చేది కాదు.

చెప్పేవాళ్ళు ఎంతమందైనా ఉండొచ్చు, ఓకే అనేవాళ్ళు మాత్రం ఒక్కరే ఉండాలి, ఆ పేరు పెద్ద కాగితంలో రాయించండి. షాపుల్లో ఎలా ఉంటుందంటే పెద్ద సేఠ్ ఒకటంటాడు, చదువుకుని వచ్చిన చిన్న సేఠ్ డ్యాష్‌బోర్డ్ అంటాడు, అకౌంటెంట్‌కి అసలు ఈ యాప్ రావడమే ఇష్టం ఉండదు. ముగ్గురి మాటా వినండి, రాసుకోండి, కానీ సంతకం ఎవరిది అన్నది ముందే తేలాలి. ఆ సంతకం మనిషి లేకుండా డెమో పెట్టకండి, ఆయన రాలేకపోతే వాయిదా. తేదీ కూడా చూసుకోండి. ఒకసారి లష్కర్ (సికింద్రాబాద్) బోనాల మర్నాడు, భవిష్యవాణి చెప్పే రంగం రోజు, సోమవారం కదా అని డెమో పెట్టాం, రాణిగంజ్‌కి వెళ్ళే దారంతా బారికేడ్లు, షాపులో ఒక్క మనిషి లేడు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి ఆ తప్పు చేశాం.

మాటల అర్థాలు కూడా జాగ్రత్త. "బానే ఉంది" అంటే ఓకే కాదు. "బానే ఉంది గానీ" అంటే అసలు విషయం గానీ తర్వాత ఉంది, పెన్ను తీయండి. "చూద్దాం" అంటే వద్దు అని. "మీరే చూసి చేయండి" అన్నదే అన్నిటికంటే ప్రమాదం, రేపు మీరే చేశారు కదా అంటారు.

అందుకే డెమో అయిన రోజే, ఇంటికి వెళ్ళేలోపు, ఒక మెయిల్ కొట్టండి. ఏం చూశారు, ఏది ఓకే అన్నారు, ఏది మార్చమన్నారు, ఏది తర్వాత అన్నారు. పది లైన్లు. ఐదు పని రోజుల్లో రాతపూర్వకంగా ఏమీ చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అని పెద్ద కాగితంలో ఉండాలి. కాగితంలో పెట్టుకోకపోయినా మీకు ఉద్యమ్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉండి మైక్రో లేదా స్మాల్ కింద ఉంటే 2006 ఎంఎస్ఎంఈ చట్టం కొంత కాపాడుతుంది, 15 రోజుల్లో రాతలో అభ్యంతరం చెప్పకపోతే డెలివరీ రోజే ఒప్పుకున్నట్టు లెక్క. పేమెంట్ గడువు కూడా మీరు రాసుకున్నదే, కానీ 45 రోజులు దాటకూడదు, అసలు ఏమీ రాసుకోకపోతే 15 రోజులు, దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ. నేను ఇంతవరకు ఎవరినీ వడ్డీ అడగలేదు, కానీ బిల్లు కింద ఉద్యమ్ నంబర్ వేయడం మొదలెట్టాక పేమెంట్లు త్వరగా వస్తున్నాయి, ఆడిటర్లే ఫోన్ చేసి కట్టేయమంటున్నారంట.

6. రాత్రి పదకొండింటి వాయిస్ మెసేజ్

"అన్నా ఒక చిన్న పని, సేల్స్‌మన్ ఎక్కడున్నడో మ్యాప్‌ల కనబడాలె." చిన్న పని అనే మాట వినగానే నాకు చెమటలు పడతాయి.

రూల్ ఒకటే. రౌండ్ మధ్యలో మార్పు లేదు, రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య ఎంతైనా మార్చుకోవచ్చు, కానీ ఒకటి లోపలికొస్తే అంతే సైజుది ఇంకోటి బయటికి పోవాలి. వాయిస్ మెసేజ్ వస్తే కాదు అనొద్దు, ఔను అనొద్దు, "లిస్ట్‌లో రాశాను సేఠ్, శుక్రవారం మాట్లాడదాం" అని ఒక్క లైన్ పెట్టి నిజంగానే రాయండి. ఆ లిస్ట్ ఇద్దరికీ కనిపించే షీట్‌లో ఉండాలి. సగం కోరికలు శుక్రవారానికి వాళ్ళే మర్చిపోతారు. ఆ మ్యాప్ సంగతి అలాగే చల్లారింది.

అన్నీ చల్లారవు. మా నాలుగో రౌండ్‌కి ముందు అకౌంటెంట్ మెల్లగా చెప్పాడు, షాపు టర్నోవర్ 5 కోట్లు ఎప్పుడో దాటింది అని. అంటే 2023 ఆగస్టు 1 నుంచి జీఎస్టీ ఉన్న వ్యాపారులకి కొట్టే బిల్లులకి ఇ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించే బిల్లు) తప్పనిసరి, అది లేకుండా మన యాప్ నుంచి బిల్లు పోకూడదు. ఇది కోరిక కాదు, చట్టం, బయటికి పంపడం కుదరదు. దాన్ని లోపలికి తెచ్చి రిపోర్టులు మూడు బయటికి పంపాం. తప్పు మాదే, టర్నోవర్ ఎంత అని మొదటి పూటే అడగాల్సింది, అడగడానికి మొహమాటపడ్డాం.

బగ్ ఏది, మార్పు ఏది అని రోజూ తగువు వస్తుంది. చిట్టీలో రాసింది రాసినట్టు పనిచేయకపోతే బగ్, మా ఖర్చుతో బాగుచేస్తాం. రాసినట్టే పనిచేస్తోంది గానీ ఇప్పుడు ఇంకోలా కావాలంటే మార్పు. చిట్టీలో అసలు లేకపోతే ఇద్దరిదీ తప్పు, సగం సగం. మూడోది ఎక్కడా రాసి ఉండదు, మేము పెట్టుకున్నది, దానివల్ల చాలా స్నేహాలు మిగిలాయి.

7. కోడ్ ఎవరిది

డబ్బు కట్టాను కాబట్టి నాదే అనుకుంటాడు క్లయింట్. చట్టం అలా అనదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయటివాళ్ళ చేత రాయించిన ప్రోగ్రామ్‌కి మొదటి హక్కుదారు రాసినవాళ్ళే, ఉద్యోగి రాస్తే కంపెనీది, కాంట్రాక్టర్ రాస్తే కాంట్రాక్టర్‌ది. బదిలీ కావాలంటే రాతలో సంతకంతో ఉండాలి. అదీ ఎన్నాళ్ళకి అని రాయకపోతే 5 ఏళ్ళకే అనుకోవాలి, ఎక్కడెక్కడ అని రాయకపోతే భారతదేశం వరకే, తీసుకున్న హక్కుని ఏడాది లోపు వాడకపోతే బదిలీ చెల్లదు, వేరేగా రాసుకుంటే తప్ప. ఇవి 19వ సెక్షన్‌లో ఉన్నాయి. నెట్‌లో దొరికిన విదేశీ కాంట్రాక్ట్ కాపీ కొట్టేవాళ్ళకి ఇవి కనిపించవు.

మేము రాసేది ఇదీ: ఏ రౌండ్ డబ్బు పూర్తిగా వస్తే ఆ రౌండ్ కోడ్ శాశ్వతంగా, ప్రపంచమంతటా, వాడినా వాడకపోయినా వాళ్ళదే. మేము అంతకుముందే రాసుకుని అన్ని పనుల్లో వాడే ముక్కలు మావే, వాళ్ళకి వాడుకునే హక్కు ఉంటుంది. పారేసిన నమూనాలు కూడా వాళ్ళకి ఇచ్చేస్తాం, కానీ వాటికి ఏ గ్యారెంటీ లేదు అని స్పష్టంగా ఉంటుంది. ఇంకో మాట, మీరు బయట ఎవరో ఫ్రీలాన్సర్ చేత రెండు స్క్రీన్లు చేయించారనుకోండి, ఆ కోడ్ అతనిది, మీది కాదు. మీది కానిదాన్ని మీరు సేఠ్‌కి ఎలా రాసిస్తారు? ముందు అతని సంతకం తీసుకోండి.

8. చివరి రౌండ్‌లో కొత్తది ఏదీ వద్దు

ఆరు రౌండ్లు ఉంటే చివరిది గట్టిపరచడానికే. లాగిన్లు, ఎవరికి ఏది కనిపించాలి, బ్యాకప్ తీయడం, తీసిన బ్యాకప్ నిజంగా తెరుచుకుంటుందా అని చూడటం, నెట్ పోతే ఏమవుతుంది. చూడటానికి ఏమీ కొత్తగా కనిపించదు కాబట్టి క్లయింట్‌కి ఈ రౌండ్‌కి డబ్బు ఇవ్వబుద్ధి కాదు, అందుకే ఇది మొదటి రోజే పెద్ద కాగితంలో రాసిపెట్టుకోవాలి.

లైవ్ తేదీ నెలాఖరులో పెట్టొద్దు, 11న జీఎస్టీఆర్ 1, 20న 3బీ అని నెలనెలా జీఎస్టీ రిటర్నులు ఉంటాయి, ఆ రెండింటి చుట్టూ కూడా వద్దు, అకౌంటెంట్ మనిషిలా ఉండడు. పాత చిట్టీ పుస్తకం, కొత్త యాప్ రెండూ కనీసం రెండు వారాలు పక్కపక్కనే నడపండి, రోజూ రాత్రి రెండింటి టోటల్ సరిచూడండి. తేడా వస్తే ప్రతిసారీ యాప్ తప్పే అనుకోకండి. మాకు వచ్చిన తేడాల్లో ఎక్కువ చిట్టీ పుస్తకంలో కూడిక తప్పులే, అవి బయటపడ్డందుకు కుర్రాళ్ళకి మా మీద కోపం కూడా వచ్చింది.

లైవ్ అయ్యాక 60 రోజులు బగ్‌లు ఫ్రీగా బాగుచేస్తాం, ఆ తర్వాత ఏఎంసీ, అంటే ఏడాదికింత అని మెయింటెనెన్స్ కాంట్రాక్ట్. ఇది అందరూ చేసేదే.

అకౌంట్లు మాత్రం చివరి రౌండ్ దాకా ఆపకండి, మొదటి రౌండ్‌లోనే క్లయింట్ పేరు మీద తీయించండి: డొమైన్, సర్వర్, ప్లే స్టోర్. మన పేరు మీద తీసి తర్వాత మార్చడం పెద్ద తలనొప్పి, మధ్యలో ఎవరైనా "చాలు" అంటే ఇంకా పెద్దది. ప్లే స్టోర్‌కి 25 డాలర్లు ఒక్కసారే కట్టాలి, కంపెనీ పేరు మీద అయితే డన్స్ నంబర్ (కంపెనీలని గుర్తించడానికి ఇచ్చే నంబర్) అడుగుతుంది, అది రావడానికి టైమ్ పడుతుంది. పర్సనల్ అకౌంట్ కొత్తగా తీస్తే 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు యాప్ పెట్టుకుని ఉండాలి, అప్పటిదాకా పబ్లిష్ చేయనివ్వరు. రాణిగంజ్‌లో ఆ పన్నెండు మందిని కౌంటర్ కుర్రాడే పోగేశాడు, అందరూ రోజూ ఫోన్ చేసే ప్లంబర్లే.